గడప దగ్గర ఆగిపోయిన చట్టం: వికారాబాద్, తాండూరుల నుంచి ప్రైవేటు మురుగు చరిత్ర

మన దగ్గర మురుగు చరిత్ర రాయాలంటే ఎవరైనా హైదరాబాద్ నుంచే మొదలుపెడతారు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద, 1909లో నిజాం ప్రభుత్వం పిలిపించిన విశ్వేశ్వరయ్య, 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్, ఆ తర్వాత నగరం కింద వేసిన డ్రైనేజీ పైపులు. ఇది ఇంజనీర్ల చరిత్ర, నవాబుల చరిత్ర. పైపు పూడిపోతే అందులోకి దిగిన మనిషి ఈ చరిత్రలో ఎక్కడా కనిపించడు.

మనం ఇంకో చోటు నుంచి మొదలుపెడదాం. మూసీ పుట్టింది వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టల్లో. నది అక్కడ నదిగానే పుడుతుంది. పట్నం చేరాక దాన్ని మోరీ చేశారు. వికారాబాద్ నుంచి వాడి వైపు పోయే రైలెక్కితే తాండూరు వస్తుంది. తాండూరు అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేవి కందిపప్పు, నాపరాయి బండలు. తెలంగాణలో తాండూరు బండ పరచని ఇల్లు తక్కువ. ఇంట్లో కాళ్ళ కింద ఉండేది ఆ బండే. ఇంటి వెనక గుంత మీద మూతగా పడేదీ చాలాచోట్ల అలాంటి బండే. ఈ వ్యాసం ఆ బండ కింద ఏముందో, దాన్ని ఎవరు ఎత్తుతున్నారో, ఎత్తినవాడు చస్తే రాజ్యం ఏమంటున్నదో చూడడానికి చేసిన ప్రయత్నం.

రోడ్డు కింద పైపు ప్రభుత్వానిది. ఇంటి ఆవరణలో ఉన్న సెప్టిక్ ట్యాంకు ఇంటాయనది. కంపెనీ కాలనీలో ఉన్న మోరీ కంపెనీది. అపార్టుమెంటు కింద ఉన్నది అందులో ఉండేవాళ్ళందరిది. 2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణ ఇళ్ళలో పైపు డ్రైనేజీ ఉన్నవి 32.7 శాతం, సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడినవి 38.2 శాతం. అంటే మన పట్టణాల మురుగులో పెద్ద భాగం ప్రైవేటు ఆస్తి. చిన్న ఊళ్ళలో ఈ సంగతి ఇంకా బాగా కనబడుతుంది. మరి ఈ ప్రైవేటు మురుగు మీద రాజ్యానికి అధికారం లేదా? ఉంది, మొదటి నుంచీ ఉంది. కానీ ఆ అధికారం ఎవరి మీద నడిచింది, ఎవరి గడప దగ్గర ఆగిపోయింది అన్నదే అసలు ప్రశ్న.

జాగీరు, రైలు, బస్తీ

వికారాబాద్ పేరు పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చింది. 1893 నుంచి 1901 దాకా ఆయన నిజాం దగ్గర దివాను. పాయిగాలకు సొంత జాగీర్లు, సొంత పోలీసు, సొంత కచేరీలు ఉండేవి. అంటే పాలనే ప్రైవేటు ఆస్తిగా నడిచింది. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఆ ఏర్పాటు చెక్కుచెదరలేదు. జాగీరులో దళితుడి శ్రమకు పేరు వెట్టి. వెట్టికి కూలి లేదు, వేళ లేదు, కాదనే హక్కు లేదు.

అయితే ఒక సంగతి గమనించాలి. మన పల్లెల్లో వెట్టి ఉంది, చచ్చిన గొడ్డును మోయడం ఉంది, డప్పు కొట్టడం ఉంది. మలం ఎత్తే పని మాత్రం పల్లెది కాదు. పల్లెలో సండాసే లేదు, చెంబు పట్టుకుని బయటికి పోవడమే. పాకీ పని పట్టణం పుట్టించిన పని. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు 1874లో వచ్చింది. ఆ రైలును తర్వాత లండన్‌లో పెట్టిన కంపెనీ నడిపింది. 1930లో నిజాం ప్రభుత్వం కొనుక్కున్నది. రైలుతో స్టేషను, స్టేషనుతో గంజి, గంజితో బస్తీ, బస్తీతో గోడలున్న ఇళ్ళు, ఆ ఇళ్ళకు సండాసులు వచ్చాయి. సండాసు వచ్చిన చోటికల్లా దాన్ని ఎత్తే మనిషి కావలసి వచ్చాడు. ఆ మనిషిని వెతకడానికి ఎవరూ తిప్పలు పడలేదు. కులవ్యవస్థ అప్పటికే తయారుగా పెట్టింది.

కోస్తా మునిసిపాలిటీల్లో రెల్లివాళ్ళను, హైదరాబాద్‌లో మెహతర్లను, ఇతర చోట్ల మాదిగలను, మాలలను ఈ పనిలోకి దింపారు. మన షెడ్యూల్డు కులాల జాబితాలో 'పాకీ, మోటి, తోటి' అని ఒక పద్దు ఉంది. పని పేరే కులం పేరైంది. ఆధునికత కులాన్ని కడిగేస్తుందని చెప్పేవాళ్ళు ఈ ఒక్క పద్దుకు జవాబు చెప్పాలి. రైలు, మునిసిపాలిటీ, పక్కా ఇల్లు అన్నీ ఆధునికమే. వాటి కింద పని మాత్రం మనువు రాసిపెట్టినట్టే జరిగింది.

'ఆనవాయితీ హక్కు' అనే మాయ

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యం ఈ పని మీద కమిటీల తర్వాత కమిటీలు వేసింది. బొంబాయి ప్రభుత్వం 1949లో వేసిన బార్వే కమిటీ 1952లో నివేదిక ఇచ్చింది. కేంద్రం 1957లో మల్కానీ అధ్యక్షతన ఇంకో కమిటీ వేస్తే అది 1960లో నివేదిక ఇచ్చింది. 1965లో మళ్ళీ మల్కానీ అధ్యక్షతనే ప్రత్యేకంగా ఒక కమిటీ వేశారు. అది మన విషయానికి చాలా ముఖ్యమైనది. ఆ కమిటీ పరిశీలించింది 'ఆనవాయితీ హక్కుల'ను.

ఏంటి ఈ హక్కు? ఉత్తర, పశ్చిమ భారతంలో చాలా పట్టణాల్లో ప్రైవేటు సండాసులను మునిసిపాలిటీ శుభ్రం చేయించేది కాదు. ఫలానా వీధిలో ఫలానా ఇళ్ళు ఫలానా పాకీ కుటుంబానివి అని వాడుక. ఆ ఇళ్ళను తండ్రి తర్వాత కొడుకు, అత్త తర్వాత కోడలు ఎత్తాలి. ఆ ఇళ్ళను అమ్ముకోవచ్చు, కుదువ పెట్టుకోవచ్చు, కట్నం కింద ఇవ్వొచ్చు. దీన్నే హక్కు అన్నారు. మలం ఎత్తుకునే హక్కు! దానికి బదులు దొరికేది మిగిలిన అన్నం, పాత బట్ట, పండగ నాడు ఇంత దక్షిణ. 1966లో ఆ కమిటీ ఈ హక్కును రద్దు చెయ్యాలని చెప్పింది. ఇది ఇంటాయనకు, పాకీ మనిషికి మధ్య ప్రైవేటు వ్యవహారమని మునిసిపాలిటీలు చేతులు కట్టుకు కూర్చున్నాయి.

చేతులు కట్టుకు కూర్చున్నాయంటే పూర్తి నిజం కాదు. 1911 నాటి పంజాబ్ మునిసిపల్ చట్టం చూడండి. ఆనవాయితీ పాకీ మనిషి తన ఇళ్ళను సరిగా ఎత్తకపోతే శిక్షించే ఏర్పాటు అందులో ఉంది. ఇల్లు ప్రైవేటు, సండాసు ప్రైవేటు, కూలి ప్రైవేటు. శిక్ష మాత్రం ప్రభుత్వానిది. యజమాని వైపు చూసినప్పుడు 'ఇది మాకు సంబంధం లేదు' అన్న రాజ్యమే, దళితుడి వైపు తిరిగినప్పుడు లాఠీ పట్టుకుంది. ప్రైవేటు, పబ్లిక్ అనే గీత ఎవరి కోసం గీశారో ఇక్కడే తెలిసిపోతుంది.

తెలంగాణ పట్టణాలకు 1956లో హైదరాబాద్ జిల్లా మునిసిపాలిటీల చట్టం, 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం, 2019లో తెలంగాణ మునిసిపాలిటీల చట్టం వచ్చాయి. ఈ మునిసిపల్ చట్టాల సంప్రదాయంలో ఒక పాత సూత్రం ఉంది. ఇంటి మోరీ, ఇంటి సండాసు, ఇంటి గుంత యజమాని ఖర్చు మీద ఉండాలి, మునిసిపాలిటీ అదుపులో ఉండాలి. మాట బాగానే ఉంది. కానీ ఆ అదుపు కట్టడం మీదే. గుంత ఎంత లోతుండాలి, బావికి ఎంత దూరముండాలి, వాసన పక్కింటికి పోకూడదు. పక్కింటివాడి ముక్కుకు చట్టంలో చోటు దొరికింది. గుంతలోకి దిగేవాడి ఊపిరికి దొరకలేదు.

కంపెనీ ఊరు: కేజీఎఫ్ పాఠం

తాండూరు చుట్టూ సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. కరన్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ ఫ్యాక్టరీ ఉంది, చుట్టుపక్కల ప్రైవేటువీ ఉన్నాయి. ఎక్కడైనా ఫ్యాక్టరీ వస్తే దాని కాలనీ, కాలనీకి సొంత నీళ్ళు, సొంత మోరీ వస్తాయి. కంపెనీ ఊరిలో మురుగును ఎవరు చూడాలన్న ప్రశ్నకు తెలుగు దళితులు కట్టిన మూల్యం తెలియాలంటే కోలార్ బంగారు గనులకు పోవాలి.

కర్ణాటకలో ఉన్న కేజీఎఫ్‌ను 1880ల నుంచి నడిపింది లండన్‌కు చెందిన జాన్ టేలర్ కంపెనీ. గని లోపల పనికి తమిళ, తెలుగు దళితులు పోయారు. పైన కాలనీల్లో సండాసులు ఎత్తడానికి తెలుగు పాకీ కుటుంబాలు పోయాయి. 1902లోనే శివనసముద్రం నుంచి కేజీఎఫ్‌కు కరెంటు వచ్చింది. భూమిలోకి కిలోమీటర్ల లోతు దిగి బంగారం తీసే యంత్రాలు తెచ్చారు. మలం తీసే పనికి మాత్రం తట్ట, రేకు, మనిషి చెయ్యి చాలనుకున్నారు. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే ప్రభుత్వ కంపెనీ అయింది. యజమాని మారాడు, జెండా మారింది. తట్ట మారలేదు.

1966లో అక్కడి పాకీ కుటుంబంలోనే పుట్టిన బెజవాడ విల్సన్ 1980లలో యాజమాన్యానికి, అధికారులకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. 1990లలో ఫొటోలు పత్రికలకెక్కి రచ్చయ్యాకే అక్కడి పొడి మరుగుదొడ్లు మార్చారు. 1990ల నడుమ సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలైంది. ఎస్.ఆర్. శంకరన్ దానికి అండగా నిలబడ్డాడు. కేజీఎఫ్ చెప్పిన పాఠం సూటిగా ఉంది. యజమాని విదేశీ కంపెనీ అయినా, స్వదేశీ సర్కారు అయినా, గేటు లోపలి మురుగును 'మా సొంత విషయం' అనే అంటాడు. గేటు బయటి నుంచి అడిగేవాడుంటే తప్ప కదలడు.

1993: పని నేల కిందికి పోయింది

1993లో పార్లమెంటు చేతితో మలం ఎత్తే పనిని, పొడి మరుగుదొడ్లను నిషేధిస్తూ చట్టం చేసింది. పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలోది కనుక రాజ్యాంగం 252వ అధికరణం కింద రాష్ట్రాలు తీర్మానం చెయ్యవలసి వచ్చింది. ముందుగా తీర్మానం చేసిన 6 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. గొప్పే. కానీ చట్టం అమల్లోకి వచ్చింది 1997 జనవరి 26న. శిక్ష ఏడాది దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా అధికారి అనుమతి లేకుండా కేసు పెట్టడానికి వీల్లేదు. ఏ మునిసిపాలిటీ తానే పొడి దొడ్లు నడిపిందో ఆ యంత్రాంగమే అనుమతి ఇవ్వాలి. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు.

ఇంకో లోపం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ చట్టం దృష్టిలో పాకీ మనిషి అంటే మలాన్ని చేతితో మోసేవాడే. ఇంటాయన పొడి సండాసు కూలగొట్టి, నీళ్ళు పోసే దొడ్డి కట్టి, దాని కింద సెప్టిక్ ట్యాంకు పెట్టుకుంటే చట్టం నుంచి బయటపడ్డట్టే. ఆ ట్యాంకు నిండాక ఎవరు దిగుతారన్నది చట్టం అడగలేదు. పైన కనబడే పని పోయి కింద కనబడని పని వచ్చింది. తలమీద తట్ట పోయింది, మనిషే నిలువునా దిగాడు. ఒకప్పుడు పాకీ పని మనిషి గౌరవాన్ని చంపేది. ఇప్పుడు మనిషినే చంపుతున్నది.

ఎట్లా చంపుతుందో అందరికీ తెలియాలి. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్ళకోసారి ఖాళీ చెయ్యాలని నిబంధనలు చెబుతాయి. ఖర్చెందుకని గుంతను పెద్దగా కట్టి, పైన బండలు పరిచి, సిమెంటు పూసి, ఏళ్ళ తరబడి మరిచిపోతారు. ట్యాంకరు తెప్పిస్తే గొట్టం నీళ్ళను లాగుతుంది. అడుగున గట్టిపడ్డది గొట్టానికి రాదు. అప్పుడు "ఒక్కసారి లోపలికి దిగి కలిపియ్యి" అంటారు. లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. ఈ రెండోది కొంచెముంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువుంటే ముక్కు పనిచెయ్యడమే మానేస్తుంది, వాసనే తెలియదు. మొదటివాడు పడిపోతాడు. వాణ్ణి తీయడానికి తమ్ముడో, తోటి కూలీయో దిగుతాడు, వాడూ పడిపోతాడు. అందుకే ఈ చావులు ఒకటిగా రావు, రెండుగా మూడుగా వస్తాయి. 2018 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గర ఒక ప్రైవేటు కోళ్ళ హేచరీలో మురుగు ట్యాంకులో దిగి 7గురు చనిపోయారు.

2013: తొడుగులు వేసుకుంటే తప్పు లేదు

ఉద్యమం వల్ల రెండో చట్టం వచ్చింది. 2013 డిసెంబరు 6న, అంబేద్కర్ వర్ధంతి నాడు అమల్లోకి వచ్చిన ఈ చట్టానికి రాష్ట్రాల తీర్మానం అక్కరలేదు. సెప్టిక్ ట్యాంకులూ, మురుగు పైపులూ మొదటిసారి చట్టంలోకి వచ్చాయి. ప్రమాదకరమైన శుభ్రతకు మనిషిని పెట్టడాన్ని ఏడో సెక్షను నిషేధించింది. స్థానిక సంస్థ, ఏజెన్సీ మాత్రమే కాదు, 'ఏ వ్యక్తి' అయినా అన్నది. అంటే ఇంటాయన కూడా. మొదటిసారికి 2 ఏళ్ళ దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కేసుకు బెయిలు హక్కుగా రాదు. కాగితం మీద చట్టం గడప దాటింది.

మరి ఎక్కడ ఆగింది? 'ప్రమాదకరమైన శుభ్రత' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో ఆగింది. రక్షణ తొడుగులు, పరికరాలు ఇవ్వకుండా దింపితేనే ప్రమాదకరం. ఇచ్చి దింపితే కాదు. అంటే దళితుడు మలంలోకి దిగడం నేరం కాదు, తొడుగు లేకుండా దిగడం నేరం! అంటరానితనాన్ని రబ్బరు బూట్లతో సరిపెట్టారు. 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించి, ఎస్సీ ఎస్టీలతో పాకీ పని చేయించడాన్ని అత్యాచారంగా చేర్చారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఈ రెండు చట్టాలనూ కలిపి చదివే పోలీసు స్టేషను కావాలి. చావు జరిగినప్పుడు నిర్లక్ష్యం వల్ల మరణమని ఒక చిన్న సెక్షను రాసి ముగించడమే ఎక్కువగా చూస్తున్నాం.

చావు ఎవరిది?

సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పింది. 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలన్నది. రైలు పట్టాల మీద మలం ఎత్తించడం ఆపడానికి గడువు పెట్టుకోమని రైల్వేలకు చెప్పింది. 2023 అక్టోబరు 20న ఇంకో తీర్పులో పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది.

కానీ కుటుంబం డబ్బు అడగబోతే ఎదురయ్యే మాట ఒకటే: "అది ప్రైవేటు ట్యాంకు. మేం పెట్టుకున్న మనిషి కాదు." ఇంటాయనను అడిగితే, "నేను ట్యాంకరువాణ్ణి పిలిచిన, ఆ మనిషి ఎవరో నాకేం ఎరుక?" ట్యాంకరువాణ్ణి అడిగితే, "అడ్డా మీద నుంచి వచ్చిండు, ఆయనే దిగిండు." గుంతకు ఓనరు ఉన్నాడు, ట్యాంకరుకు ఓనరు ఉన్నాడు. చావుకు మాత్రం ఓనరు లేడు.

ఈ వాదాన్ని బొంబాయి హైకోర్టు 2021 సెప్టెంబరులో తిప్పికొట్టింది. ముంబయి గోవండీలో 2019 డిసెంబరులో ఒక ప్రైవేటు హౌసింగ్ సొసైటీ సెప్టిక్ ట్యాంకులో చనిపోయిన ముగ్గురి భార్యలు కోర్టుకు పోయారు. ముందు రాజ్యమే 10 లక్షల చొప్పున కట్టాలి, తర్వాత కావాలంటే బాధ్యుల దగ్గర వసూలు చేసుకోవచ్చు అని కోర్టు చెప్పింది. ముగ్గురు పేద ఆడవాళ్ళు గెలిచిన ఈ సూత్రం ప్రతి దళిత సంఘానికీ నోటికి వచ్చి ఉండాలి.

ఇది ఏదో అరుదైన సంగతి కాదు. 2022, 2023లలో జరిగిన 54 చావుల మీద కేంద్రం చేయించిన సామాజిక తనిఖీని 2025 జూలైలో పార్లమెంటు ముందు పెట్టారు. అందులో 49 మందికి ఏ రక్షణ పరికరమూ లేదు. 38 మందిని పనికి పిలిచింది విడివిడి మనుషులే. అంటే చావులో ఎక్కువ భాగం ప్రైవేటు బేరంలోనే జరుగుతున్నది. ఎవరు చస్తున్నారో కూడా సర్కారు లెక్కే చెబుతుంది. కేంద్రం 'నమస్తే' పథకం కింద 2024 నాటికి వివరాలు నమోదు చేసిన సుమారు 38,000 మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు పనివాళ్ళలో 68.9 శాతం ఎస్సీలు. ఇది స్వేచ్ఛా మార్కెట్టు అయితే ఈ అంకె ఇట్లా ఎందుకుంటుంది?

2025 జనవరి 29న సుప్రీంకోర్టు 6 మహానగరాల్లో మనిషిని మురుగులోకి దింపడం ఆపాలని ఆదేశించింది. అందులో హైదరాబాద్ ఉంది. వికారాబాద్ లేదు, తాండూరు లేదు. మూసీ పారే నగరానికి ఆదేశం వచ్చింది, మూసీ పుట్టే ఊరికి రాలేదు. చట్టం అందరికీ ఒకటే అయినా, దాని మీద కన్నేసి ఉంచేది పెద్ద ఊళ్ళలోనే.

ఏం అడగాలి?

చరిత్ర అంతా చూశాక ఒక మాట తేలుతుంది. ప్రైవేటు మురుగును రాజ్యం ఎప్పుడూ వదిలెయ్యలేదు. ఆస్తిగా దాన్ని కాపాడింది, పొరుగువాడి ముక్కు కోసం కొలతలు పెట్టింది, పని మానిన పాకీ మనిషిని శిక్షించింది. ఆ గుంతను శ్రమ జరిగే చోటుగా, కులం పనిచేసే చోటుగా మాత్రం చూడలేదు. అక్కడికి వచ్చేసరికే 'ప్రైవేటు' అంటున్నది.

కాబట్టి మన అడుగు ఇక్కడ పడాలి. ఇల్లు కట్టడానికి అనుమతి ఇచ్చే మునిసిపాలిటీయే గుంత లెక్క రాయాలి. ఎప్పుడు కట్టారు, ఎప్పుడు ఖాళీ చేశారు, ఏ ట్యాంకరు వచ్చింది అన్నది పన్ను రికార్డుతో పాటే ఉండాలి. మనిషి దిగితేనే శుభ్రమయ్యే గుంతకు అనుమతి ఇవ్వకూడదు. ఫ్యాక్టరీ కాలనీ, హాస్టలు, ఫంక్షను హాలు, ఆస్పత్రి గేట్ల లోపలికి తనిఖీ పోవాలి. చావు జరిగితే ముందు సర్కారు పరిహారం కట్టాలి, ఆ తర్వాత యజమాని దగ్గర వసూలు చెయ్యాలి. కేసు 2013 చట్టం కింద, అట్రాసిటీ చట్టం కింద నమోదు కావాలి. ఈ పని వదిలేసినవాళ్ళకు భూమి, చదువు, వేరే ఉద్యోగం దొరకాలి. లేకపోతే మళ్ళీ అదే అడ్డా, మళ్ళీ అదే పిలుపు.

విద్యార్థులు, టీచర్లు ఒక పని చెయ్యొచ్చు. మీ హాస్టలు, మీ బడి గుంతను ఎవరు ఖాళీ చేస్తున్నారో కనుక్కోండి. ఆ మనిషి పేరు, కులం, కూలి రాసిపెట్టండి. మన చరిత్ర ఎవరి కచేరీలోనూ దొరకదు. బండ ఎత్తి చూస్తేనే దొరుకుతుంది.